మీ నాన్నగారి ఫైలు చెడిపోలేదు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ నాన్నగారి పద్యాల ఫైలు తెరిస్తే తెలుగు బదులు తలాతోకా లేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వస్తున్నాయనీ, వైరస్ పట్టిందేమోననీ, ఎలాగూ పనికిరాదు కాబట్టి తీసేస్తాననీ రాశావు. దయచేసి అంత పని చేయకు! ఆ ఫైలుకు ఏమీ కాలేదు. ఆయన పద్యాలన్నీ అందులో భద్రంగా ఉన్నాయి.

మనం కొట్టిన అక్షరం కంప్యూటర్‌లో బొమ్మలా దాగి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది దాచేది అంకెలను. ఏ అంకెకు ఏ రూపం చూపాలో ఫాంటు చెబుతుంది. పాత రోజుల్లో డీటీపీ వాళ్లు (అచ్చు కోసం కంప్యూటర్‌లో పుటలు కూర్చేవాళ్లు) వాడిన ఫాంట్లు, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన అంకెల మీదే మన తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తులను ముక్కలుగా కూర్చోబెట్టాయి. ఆ ఫాంటు ఉన్న చోట చక్కని తెలుగు, లేని చోట నువ్వు చూసిన గందరగోళం. పైగా ఒక్కో సంస్థ ఆ ముక్కలను ఒక్కో వరుసలో పేర్చుకుంది. దొరికిన తెలుగు ఫాంటల్లా పెట్టి చూసినా నీకు ఫలితం లేకపోయింది అందుకే.

ఈ చిక్కును విడదీసింది యూనికోడ్, అంటే ప్రపంచ లిపుల్లోని ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె కేటాయించే ఉమ్మడి పద్ధతి. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు సొంత చోటు దొరికింది. ‘అ’ అంటే 3077, ఏ దేశంలో ఏ ఫోనులో తెరిచినా అంతే. ఫాంటు మారిస్తే అక్షరం సొగసు మారుతుంది కానీ అక్షరం మారదు.

బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే అక్షరం మొత్తం పోవడం లేదని విసుక్కున్నావు కదా, ఆ సంగతీ ఇక్కడే తేలుతుంది. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం 6. ఒకసారి నొక్కితే గుడిదీర్ఘం పోయి ‘స్త్ర’ మిగులుతుంది. కీబోర్డు బాగానే ఉంది, కొత్తది కొనకు. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషుకు 160 అక్షరాలు పడితే తెలుగుకు 70 మాత్రమే, అందులో ఈ ‘స్త్రీ’ ఒక్కటే 6 తినేస్తుంది. మన లిపికి ఇంత ఇరుకు చోటా అని నాకు బాధగానే ఉంటుంది.

సరే, ఇప్పుడు నువ్వు చేయవలసింది. ఫైలు తెరిచి ఫాంటు పేరు ఏముందో రాసుకో. ఏమీ సేవ్ చేయకుండా మూసేసి, నకలు తీసి నాకు పంపు. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. అయితే మార్చాక అక్కడక్కడ ఒత్తులు తారుమారవుతాయి. వచనమైతే ఎలాగో పోల్చుకుంటాం. పద్యంలో ఒక్క ఒత్తు జారినా దాని ముందున్న గురువు లఘువైపోయి గణం తప్పవచ్చు. అంత శ్రద్ధగా రాసిన ఆయన పద్యం అలా కుంటుపడటం నేను ఒప్పుకోను. ఛందస్సు నీకు నాకన్నా బాగా వచ్చు కాబట్టి సరిచూసే పని నీది, మార్చే పని నాది.

అప్పటి అచ్చు ప్రతి బీరువాలో ఎక్కడైనా ఉందేమో అమ్మను అడుగు. ఉంటే మన పని సగం తగ్గుతుంది. ఫైలు మాత్రం ఈ వారమే పంపు.

ఇట్లు,
నీ మిత్రుడు