రక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: సిపాయిల రికార్డులను కాపాడండి, పాత పటాలను తెరవండి

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 13 లక్షల మంది, రెండవ ప్రపంచ యుద్ధంలో దాదాపు 25 లక్షల మంది భారతీయులు సైనిక సేవలో ఉన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల నుంచి అలా వెళ్ళినవారి మునిమనవలు ఇవాళ తమ పెద్దల గురించి వెతకడానికి పూనుకుంటే ఇంట్లో దొరికేది తరచుగా అంచు మీద నంబరు చెక్కిన ఒక పతకం, లేదా "బస్రా పోయాడు, మళ్ళీ రాలేదు" అంటూ పెద్దవాళ్ళు చెప్పుకుంటూ వచ్చిన ఒక్క మాట. ఆ మాట వెనుక ఉన్న మనిషిని తెలుసుకోవాలంటే ముఖ్యంగా రెండు ఆధారాలు కావాలి: అతని గురించి సైన్యం రాసిపెట్టిన కాగితం, ఆ కాలంలో గీసిన పటం. ఈ రెండింటి భవిష్యత్తూ మీ శాఖ నిర్ణయాలతో ముడిపడి ఉంది కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాను.

సైన్యంలో చేరిన సిపాయికి షీట్ రోల్ ఉంటుంది. అందులో అతని పేరు, తండ్రి పేరు, గ్రామం, పోస్టాఫీసు, తాలూకా, జిల్లా, వారసుడిగా అతను రాయించిన వ్యక్తి పేరు, ఏ యూనిట్లలో ఎప్పుడు పనిచేశాడన్న వివరాలు నమోదవుతాయి. భూమి ఉన్న కుటుంబాలకు రెవెన్యూ రికార్డులనే మరొక దారి ఉంది. కోస్తా, రాయలసీమల్లో రీసెటిల్మెంట్ రిజిస్టర్లలోనో, తెలంగాణలో సేత్వార్, ఖాస్రా పహాణీలలోనో పట్టాదారుగా ముత్తాత పేరు కనిపించవచ్చు. సెంటు భూమి కూడా లేని కుటుంబానికి ఆ దారి లేదు. అటువంటి ఇళ్ళ నుంచి కూడా ఎందరో సైన్యంలో చేరారు. వారిలో చాలామంది విషయంలో, తండ్రి పేరుతో, ఊరి పేరుతో సహా ప్రభుత్వం వారిని ఒక మనిషిగా గుర్తించి రాసిన ఏకైక కాగితం ఆ షీట్ రోలే అయి ఉండవచ్చు. అందువల్ల దానిని పింఛను లెక్క తేలేంతవరకే అవసరమైన ఆఫీసు కాగితంగా చూడడం నాకు న్యాయంగా తోచదు.

అయినా మన నియమాలు దానిని అలాగే చూస్తున్నాయి. పింఛను లేకుండా సైన్యం విడిచినవారి సర్వీసు పత్రాలను 25 ఏళ్ళ తరువాత ధ్వంసం చేయడానికి ఆర్మీ రెగ్యులేషన్లు వీలు కల్పిస్తున్నాయి. పింఛను వివాదాలలో కోర్టుల ముందు, పత్రాలను అలా ధ్వంసం చేశామన్న సమాధానం మళ్ళీ మళ్ళీ వినిపించింది. ఆ తరువాత ఆ మనిషి గురించి మిగిలేది లాంగ్ రోల్‌లో, అంటే సైనికుల పేర్ల రిజిస్టరులో, ఒక్క వరుస. 1892కు ముందు తయారైన ప్రభుత్వ రికార్డును, పూర్తిగా పాడైపోతే తప్ప, ధ్వంసం చేయకూడదని 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం చెబుతోంది. ఆ రక్షణ రెండు ప్రపంచ యుద్ధాల సిపాయిలలో దాదాపు ఎవరికీ అందదు. సైనిక సర్వీసు పత్రాల వరకైనా ఆ గడువును 1947 దాకా పొడిగించే సవరణను ప్రతిపాదించవలసిందిగా కోరుతున్నాను.

బ్రిటన్‌లో మొదటి ప్రపంచ యుద్ధపు సైనికుల సర్వీసు పత్రాలలో సగానికి పైగా 1940లో జరిగిన బాంబు దాడి మంటల్లో పోయాయి. అది శత్రువు చేసిన నష్టం. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ యుద్ధంలో పనిచేసిన తన సైనికుల పత్రాలు, సుమారు 3,75,000 మందివి, స్కాన్ చేసి ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టింది. మన సిపాయిల విషయంలో ఈ బాధ్యత మరింత పెద్దది. ఎందుకంటే ఇరాక్‌లోని బస్రా యుద్ధ స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కారు కానీ, సాధారణ సిపాయిలను ఎందరన్న అంకెలతో సరిపెట్టారు. ఈ అసమానతను కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో స్వయంగా అంగీకరించింది. రాతి మీద లేని ఆ పేర్లకు కాగితమే ఆధారం.

ఇక పటాల సంగతి. సైనిక రికార్డు పటం లేకుండా సగమే అర్థమవుతుంది. 1917లో సైన్యంలో చేరిన ఇచ్ఛాపురం ప్రాంతపు మనిషి జిల్లా గంజాం అని నమోదై ఉంటుంది. ఆ ప్రాంతం 1936లో విశాఖపట్నం జిల్లాలోకి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. ఈ మార్పు తెలియని వారసులు ఒడిశాలో ఊరు వెతుకుతారు. కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లతో ఒకే జిల్లాలో పలు గ్రామాలు ఉన్నప్పుడు, షీట్ రోల్‌లోని పోస్టాఫీసును ఆనాటి అంగుళానికి మైలు పటం మీద గుర్తిస్తేనే అసలు ఊరు తేలుతుంది. శ్రీశైలం జలాశయంలో మునిగిన వందకు పైగా గ్రామాలనైతే నేటి పటంలో వెతికి లాభం లేదు, పాత పటంలోనే వాటి వీధులూ చెరువులూ మిగిలాయి.

యుద్ధభూమిలోనూ ఇంతే. 1915లో ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ వద్ద పోరాడిన భారతీయ దళాలను గురించి చదువుతున్నవారికి ఆ కాలపు వార్ డైరీలలో (యూనిట్లు రోజువారీగా రాసుకున్న యుద్ధ నివేదికలలో) కందకాల స్థానాలు ఊరి పేర్లతో కాక, అక్షరాలూ అంకెలూ కలిసిన గడి సంకేతాలతో ఎదురవుతాయి. ఆ గడులు గీసిన అప్పటి సైనిక పటం పక్కన పెట్టుకుంటే తమ ముత్తాత యూనిట్ ఏ పొలంలో, ఏ రోడ్డుకు ఎంత దూరంలో నిలబడిందో తెలుస్తుంది. అక్కడి స్మారకం మీద ఉన్న 4,700కు పైగా పేర్లలో ప్రతి ఒక్కదానికీ అటువంటి ఒక స్థలం ఉంది.

తీరం నుంచీ సరిహద్దుల నుంచీ సుమారు 80 కిలోమీటర్ల వెడల్పున ఉన్న ప్రాంతపు వివరమైన పటాలు చాలాకాలం సామాన్యులకు అందలేదు. అంటే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీర జిల్లాల గ్రామాలలో అత్యధికం ఆ నిషేధం కిందికే వచ్చాయి. 2005 నాటి పటాల విధానం, 2021 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు ఎంతో సడలింపు తెచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పాలి. కానీ మన దేశపు 1950ల నాటి పటాలను, అమెరికా సైన్యం తయారుచేసినవాటిని, టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉచితంగా చూపిస్తున్నప్పుడు, అంతకంటే పాతవీ అంతకంటే వివరమైనవీ అయిన సర్వే ఆఫ్ ఇండియా పటాలను మన కుటుంబాలు ఇంటి నుంచే చూసుకోగలగాలి. ఆ సంస్థ మీ శాఖ కింద లేదని తెలుసు. భద్రతా అభ్యంతరం లేదని చెప్పవలసింది మాత్రం మీ శాఖే. మన నేల మీద సర్వే పనిని మొదలుపెట్టినవారు సైనికులే. 1802లో మద్రాసు దగ్గర బేస్‌లైన్ (సర్వే లెక్కలకు ఆధారమైన తొలి గీత) కొలిచిన లాంబ్టన్, ఏలూరుకు చెందిన కావలి సోదరుల సాయంతో గ్రామ కైఫియతులు, అంటే ఊళ్ళ చరిత్ర వివరాలు, సేకరింపజేసిన మెకంజీ, ఇద్దరూ సైనికాధికారులే.

బతికి ఉన్నవారి వివరాలు, వైద్య పత్రాలు బయటపెట్టాలని నేను కోరడం లేదు. కులం నమోదైన గడి విషయంలో కూడా జాగ్రత్త అవసరం. పుట్టి 100 ఏళ్ళు దాటినవారి పత్రాలతో ప్రారంభిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తొలగుతుంది. యుద్ధ రికార్డులను సాధారణంగా 25 ఏళ్ళలో బహిర్గతం చేయాలని మీ శాఖ 2021లో ప్రకటించిన విధానాన్ని సిపాయిల వ్యక్తిగత పత్రాలకూ వర్తింపజేసి, లాంగ్ రోల్‌లను స్కాన్ చేయించి, నేషనల్ ఆర్కైవ్స్ వారి ఆన్‌లైన్ పోర్టల్ అభిలేఖ్ పటల్‌లో గ్రామం పేరుతో వెతికే వీలు కల్పించండి.

చట్ట సవరణకూ స్కానింగుకూ సమయం, డబ్బు పడతాయి. ధ్వంసాన్ని ఆపడానికి ఒక్క ఉత్తర్వు చాలు. రికార్డు కార్యాలయాలన్నింటిలో మిగిలి ఉన్న 1947కు ముందరి సర్వీసు పత్రాలలో దేనినీ ఆర్కైవ్స్ నిపుణులు పరిశీలించేంతవరకు ధ్వంసం చేయరాదని ఆ ఉత్తర్వును ముందుగా జారీ చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయ,
ఒక సిపాయి కుటుంబ వారసురాలు