ఇంటి కాగితాల గురించి రాస్తలేను బిడ్డా

హన్మకొండ,
ఆదివారం మధ్యాహ్నం

చిట్టీ,

మామిడికాయ తొక్కు అందిందా? డబ్బా మూతకు కవరు రెండు చుట్లు చుట్టి రబ్బరు వేసిన. అయినా నూనె కారే ఉంటది, నిలబెట్టమని చెప్పిన డబ్బాను బస్సోళ్లు పండబెడతరు. పైన తేలిన నూనె పారబోయకు, తొక్కును కాపాడేది అదే. తడి చెంచా పెట్టకు. మూడు రోజులకొకసారి అడుగు నుంచి కలుపు.

ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. బాపు మోకాలు ఎప్పటిలెక్కనే. అమ్మమ్మ మాత్రం నీ ఫోన్ మోగినట్టు వినబడ్డదని రోజుకు రెండుసార్లు లేస్తది. నువ్వు మాట్లాడి పందొమ్మిది రోజులైంది. నేను లెక్కపెడతలేను, పాల లెక్క రాసే క్యాలెండర్ మీద కనబడ్డది.

ముచ్చటల ముచ్చట, బుధవారం పొద్దున ఒక పిల్లగాడు ఫోన్ చేసిండు. "మేడం, మీ పాప ఎడ్యుకేషన్ లోన్ ఫైలు నడుస్తుంది, ఇంటి ఈసీ, లింకు డాక్యుమెంట్లు వాట్సాప్ చేయండి, వాల్యుయేషన్‌కు మనిషిని పంపుతం" అన్నడు. ముప్పై అయిదు లక్షలట. "అయిదు వేల డాలర్ల స్కాలర్‌షిప్ కూడ వచ్చింది కద మేడం" అని వాడే నాకు శుభవార్త చెప్పిండు. రాంగ్ నంబర్ అని పెట్టేసిన. బాపు అప్పుడు స్నానానికి పోయిండు, ఆయనకు చెప్పలే. నేను దాని గురించి ఏం అడుగుతలేను. ఇరవై నాలుగేండ్ల పిల్లవు, నీ ఆలోచన నీకుంటది.

ఈ ఉత్తరం రాసుడు వేరేదానికి. సైకాలజీల పీజీకి పైసలు ఎక్కడెక్కడ దొరుకుతయో, ఎక్కడ దొరికినట్టు అనిపించి దొరకవో ఒక దగ్గర రాసి పెడదామని. ఫోన్ల చెప్తే నువ్వు "ఊఁ ఊఁ" అంటవు. కాగితమైతే ఎప్పుడన్న చూస్తవు.

స్కాలర్‌షిప్ అంటే మా ఆఫీసు స్కాలర్‌షిప్ సెక్షన్ల ఒకటే అర్థం: పైసలు పిల్ల ఖాతాల పడాలె. బయటి యూనివర్సిటీలు మాస్టర్స్‌కు ఇచ్చే అయిదు వేల డాలర్లు ఎక్కువసార్లు ఫీజుల తగ్గింపే. ముప్పై వేల ఫీజు ఇరవై అయిదు వేలైతది, అంతే. కిరాయి, తిండి, హెల్త్ ఇన్సూరెన్సు అన్ని నీ మీదనే. బతుకమ్మ పండుగకు బట్టల షాపోడు రేటు పెంచి తగ్గించినట్టు. ఎవరికన్న అట్ల లెటర్ వస్తే (నీకని కాదు) అందుల నాలుగు సంగతులు వెతకాలె. ట్యూషన్ వేవర్ (ఫీజు మాఫీ) పూర్తిగనా, కొంతనా. స్టైపెండ్ నెలకెంత, అది తొమ్మిది నెలలా, పన్నెండా. రెండో ఏడు కూడ ఇస్తమని రాసిండ్రా. ఎంత జీపీఏ తగ్గితే ఆపేస్తరు. ఇవి లెటర్ల లేకుంటే డిపార్ట్‌మెంటుకు మెయిల్ పెట్టి రాతల జవాబు తెప్పించుకోవాలె. "అక్కడికి పోయినంక క్యాంపస్ ఉద్యోగం చేస్త" అనేది లెక్క కాదు. అమెరికా ఎఫ్-1 స్టూడెంటు వీసా మీద క్లాసులు నడిచే రోజులల్ల వారానికి 20 గంటలు దాటొద్దు, ఆ ఉద్యోగం దొరుకుతదని ఎవరూ హామీ ఇయ్యరు.

అసలు సంగతి ఏందంటే, అమెరికాల సైకాలజీ పైసలు మాస్టర్స్‌ల ఉండవు, పీహెచ్‌డీల ఉంటయి. పీహెచ్‌డీ పిల్లలు డిగ్రీ పిల్లలకు క్లాసులు చెప్తరు, ప్రొఫెసర్ గ్రాంటు మీద ల్యాబుల పనిచేస్తరు. అందుకని యూనివర్సిటీయే ఫీజు మాఫీ చేసి నెలనెలా స్టైపెండ్ ఇస్తది. మాస్టర్స్ పిల్లలు ఫీజు కట్టి డిపార్ట్‌మెంటును నడిపించేటోళ్లు. వేక్ ఫారెస్ట్, విలియం అండ్ మేరీ లాంటి ఒకటి రెండు చోట్ల రీసెర్చి మాస్టర్స్‌కు కూడ సాయం ఉంటది గానీ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సై.డి. అని ఇంకోటి ఉంటది, దానికి డాక్టర్ పేరు వస్తది గానీ ఫీజు చాలాచోట్ల మనమే కట్టుకోవాలె. లైసెన్సు సంగతి చూడు: అక్కడ చాలా రాష్ట్రాలల్ల సైకాలజిస్టు అనిపించుకోవాలంటే డాక్టరేటే ఉండాలె. మాస్టర్స్‌తోని ప్రాక్టీసు చేసేది కౌన్సెలర్, దానికి వేరే కోర్సు, చాలాచోట్ల 60 క్రెడిట్లు. పేరుల "క్లినికల్" అని ఉన్నంత మాత్రాన లైసెన్సు రాదు. చదువైనంక అక్కడ ఉద్యోగం చేసుకునే పర్మిషన్ (ఓపీటీ) 12 నెలలు. ఇంకో 24 నెలలు కావాలంటే ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) మీద వేసే కోర్సు కోడు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, లెక్కలు) లిస్టుల ఉండాలె. ఎక్స్‌పెరిమెంటల్, కాగ్నిటివ్ లాంటి రీసెర్చి కోడ్‌లు ఉన్నయి, క్లినికల్, కౌన్సెలింగ్ లేవు. అప్పు తీర్చేది ఆ నెలలల్లనే కద.

అప్పు లెక్క కూడ రాస్త, ఊరికే. 35 లక్షలు 11 శాతానికి, మొత్తం ఒకేసారి తీసుకున్నట్టు వేస్తే, ఏడాదికి వడ్డీనే 3 లక్షల 85 వేలు. రెండేండ్ల చదువు, పైన ఒక ఏడాది ఆగుతరు, వడ్డీ ఆగదు. మూడేండ్లకు అప్పు 46 లక్షలు దాటుతది. పదేండ్లల్ల తీర్చాలంటే నెలకు 64 వేలు. విడతలుగ తీసుకుంటే కొంత తగ్గుతది, తగ్గినా నా జీతం కంటె ఎక్కువే ఉంటది. మళ్ల చెప్తున్న, నీ గురించి కాదు.

ఇగ మనదేశం ముచ్చట. ఎన్.ఎస్.పి. (కేంద్రం స్కాలర్‌షిప్ పోర్టల్)లో పీజీ పిల్లలకు యూజీసీ జాతీయ స్కాలర్‌షిప్ ఉంది. ఏటా 10,000 మందికి నెలకు 15,000, ఏడాదికి 10 నెలలు, రెండేండ్లు. అంటే మూడు లక్షలు. డిగ్రీ మార్కుల మీదనే తీస్తరు, 30 శాతం ఆడపిల్లలకు. నీకు 84 శాతం ఉన్నయి. అయితే పీజీ మొదటి సంవత్సరం రెగ్యులర్‌ల చేరినోళ్లకే. ఇగ్నోల చదువుకుంట ఉద్యోగం చేస్తనని సంక్రాంతికి అంటివి గద, దూరవిద్యకు ఇది రాదు. సీయూఈటీ-పీజీ (సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ఎంట్రెన్సు) ఫారాలు డిసెంబరు, జనవరిల పడతయి, పరీక్ష మార్చిల. అది ఈసారికి అయిపోయింది. ఉస్మానియా నడిపే మన రాష్ట్రం పీజీ ఎంట్రెన్సు, సీపీగెట్, ఇంకా కాలే, జూన్ చుట్టుపక్కల నోటిఫికేషన్ కోసం చూస్తుండు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకోకు. ఈపాస్‌ల (రాష్ట్రం స్కాలర్‌షిప్ పోర్టల్) బీసీలకు ఆదాయం పట్నంల 2 లక్షలు, ఊర్ల లక్షన్నర దాటొద్దు, మా ఇద్దరిది కలిపి 4 లక్షల 20 వేలు. "తక్కువ రాయించి సర్టిఫికెట్ తెస్త" అని నర్సన్న బాబాయి అంటడు, విననట్టు ఉండు.

ఎన్.ఎస్.పి. అనంగనే పింకీ ముచ్చట యాదికొచ్చింది. లలితత్త నీకు సగమే చెప్పి ఉంటది. ఆ పిల్లకు స్కాలర్‌షిప్ సెలక్టయింది, లిస్టుల పేరుంది, పైసలు పడలే. నెల, రెండు నెలలు, అయిదు నెలలు. కాలేజీని తిట్టింది, పోర్టల్‌ను తిట్టింది, బ్యాంకుకు పోతే "ఆధార్ లింకయింది, మా దగ్గర ఏం లేదు" అన్నరు. పాస్‌బుక్కు పట్టుకొని నా కిటికీ ముందుకు వచ్చి నిలబడ్డది, పాస్‌బుక్కు అంచులు చెమటకు మెత్తగైనయి. తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆధార్ లింకు వేరు, ఎన్.పి.సి.ఐ. (బ్యాంకుల మధ్య పైసలు నడిపే సంస్థ) మ్యాపింగ్ వేరు. ఖాతాకు ఆధార్ నంబరు ఎక్కిస్తే లింకు. ప్రభుత్వం పైసలు ఏ ఖాతాకు పోవాల్నో చెప్పేది మ్యాపింగు, అది ఒక ఆధార్‌కు ఒక ఖాతాకే ఉంటది, ఆఖరున సీడింగ్ (ఆ మ్యాపింగు ఎక్కించుడు) చేసిన ఖాతాకే. ఫారంల నువ్వు ఏ ఖాతా రాసినా సరే. పింకీ ఇంటర్ల ఉన్నప్పుడు వేలిముద్ర ఇచ్చి సిమ్ము కొన్నది. ఆ సిమ్ముతోని పేమెంట్స్ ఖాతా ఒకటి పుట్టిందని, మ్యాపింగు దానికే ఉన్నదని ఆ పిల్లకు తెలవదు. ఆ సిమ్ము పారేసి నాలుగేండ్లైంది. ఆధార్ సైటుల బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే రెండు నిమిషాలల్ల బయటపడ్డది: బ్యాంకు పేరు వేరే. పాస్‌బుక్కు ఉన్న బ్యాంకుల డీబీటీ (ప్రభుత్వం పైసలు నేరుగ ఖాతాల పడుడు) సమ్మతి ఫారం ఇచ్చి, మ్యాపింగు మార్పించి, "యాక్టివ్" అని వచ్చిందాంక ఆగి, అప్పుడు ఫిర్యాదు వేసినం. అన్ని ఒక్కసారి పడ్డయి. లలితత్త స్వీటు డబ్బా తెచ్చింది, బాపుకు షుగరని తెలిసి కూడ.

కాబట్టి నువ్వు ఈ వారమే మూడు చూసుకో. సీడింగ్ స్టేటస్. ఆధార్‌ల పేరు, పదో తరగతి మెమోల పేరు అక్షరం అక్షరం ఒక్కటేనా (నీ ఇంటిపేరు మెమోల ముందుంది, ఆధార్‌ల వెనకుంది, నేను ఎన్నోసార్లు చెప్పిన). ఓటీఆర్ (ఎన్.ఎస్.పి.ల ఒక్కసారి చేసే రిజిస్ట్రేషన్) నంబరు 14 అంకెలు, అది బతుకంత ఒకటే, రాసి పెట్టుకో. ఫేస్ అథెంటికేషన్ వెలుతురున్న దగ్గర చేయి, కిటికీ నీ వెనుక పడకుండ. కాలేజీ పేరు ఎంచేటప్పుడు ఏఐఎస్‌హెచ్‌ఈ కోడు (ఒక్కో కాలేజీకి కేంద్రం ఇచ్చే నంబరు) చూడు. యూనివర్సిటీ క్యాంపస్, దాని కింది కాలేజీ ఒక్కలాంటి పేర్లతోని ఉంటయి, తప్పు కొడితే నీ అప్లికేషన్ ఇంకొకళ్ల లాగిన్‌ల పడి ఉంటది. పెట్టినంక కాలేజీల స్కాలర్‌షిప్‌లు చూసే నోడల్ ఆఫీసర్ వెరిఫై చేసేదాంక వెంటపడాలె. మాలాంటోళ్లం ఆఖరి రోజు రెండు వందల అప్లికేషన్లు చూస్తం, "డిఫెక్ట్" అని వెనక్కి పంపితే ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

ఎం.ఏ. ఆఖరి సంవత్సరంల నెట్ (లెక్చరర్, ఫెలోషిప్ అర్హత పరీక్ష) రాయొచ్చు, జూన్, డిసెంబరు రెండుసార్లు ఉంటది. అందుల జేఆర్‌ఎఫ్ (రీసెర్చి ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీకి మొదటి రెండేండ్లు నెలకు 37,000, తర్వాత 42,000. క్లినికల్ కావాలంటే ఆర్‌సీఐ (ఆ కోర్సులకు ఆమోదం ఇచ్చే కేంద్ర మండలి) సైటుల ఆ కాలేజీ, ఆ కోర్సు, ఆ సంవత్సరం మూడూ ఉన్నయా చూసి చేరు, ఆమోదం గడువు పెట్టి ఇస్తరు. ఆర్‌సీఐ రిజిస్టర్ల పేరు లేకుండ ఇక్కడ క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టొద్దు. బయటి మాస్టర్స్‌తోని అది దానంతట అది రాదు.

బయటికే పోవాలని ఉంటే పో, నేను వద్దంటలేను. ఎం.ఏ. చేసి పీహెచ్‌డీకి అడుగు. మన మూడేండ్ల డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, ఎం.ఏ. ఉంటే ఆ తంటా ఉండదు. డిసెంబరు మొదట్ల గడువులుంటయి. ఆగస్టు, సెప్టెంబరులనే ప్రొఫెసర్లకు రాయాలె, "వచ్చే ఏడు కొత్త స్టూడెంటును తీసుకుంటున్నరా" అని. ఆయన తీసుకోకుంటే ఎంత మంచి ఫారం నింపినా అప్లికేషన్ ఫీజు దండుగ. ఫీజు మాఫీ ఉంటదేమో ముందే అడుగు, అడిగితే సిగ్గేం లేదు. యూరప్‌ల ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ ఉంది: ఫీజు లేదు, నెలకు 1,400 యూరోలు. సైకాలజీల గ్లోబల్-మైండ్స్ అని ఉంది, చూడు. బ్రిటన్ చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేండ్ల ఉద్యోగం అంటే 2,800 గంటలు ఉండాలె, నీ స్కూలు ఉద్యోగం లెక్కకు వస్తది, అనుభవం సర్టిఫికెట్ ఇప్పుడే అడుగు, మానేసినంక ఇయ్యరు. అమెరికా ఫుల్‌బ్రైట్ మాస్టర్స్ స్కాలర్‌షిప్ కోసం తిరగకు, ఆ సబ్జెక్టుల లిస్టుల సైకాలజీ లేదు.

మన రాష్ట్రం జ్యోతిబా ఫూలే విద్యానిధి బీసీలకు 20 లక్షలు ఇస్తది, సోషల్ సైన్సెస్ అందుల ఉంది. కుటుంబం ఆదాయం 5 లక్షల లోపు, డిగ్రీల 60 శాతం, వయసు 35 లోపు. మనకు అన్ని సరిపోతయి. ఇంట్ల ఒక్కరికే ఇస్తరు, తమ్మునికి చెప్పి తీసుకో. కానీ ఇందుల ఒక మెలిక ఉంది. మొదటి 10 లక్షలు నువ్వు విమానం దిగి ఐ-94 (అమెరికాల దిగినట్టు రికార్డు) చూపించినంక, మిగిలిన 10 మొదటి సెమిస్టర్ రిజల్టు చూపించినంక. ఐ-20 కోసం, వీసా కోసం, మొదటి ఫీజు కోసం ముందే వేరే పైసలు చూపాలె. ఇది తెలవక చాలామంది ఆఖరి నెలల ఇల్లు కుదువ పెడతరు.

మనదేశంల చదువుకు అప్పే కావాలంటే పీఎం విద్యాలక్ష్మి చూడు. లిస్టుల ఉన్న యూనివర్సిటీల సీటొస్తే తాకట్టు లేదు, జామీను లేదు, 8 లక్షల లోపు ఆదాయమోళ్లకు 10 లక్షల అప్పు దాంక వడ్డీల 3 శాతం మాఫీ. ఎవరూ ఇంటి కాగితాలు అడగరు.

ఎండలు బాగున్నయట అక్కడ కూడ. కూలర్‌ల నీళ్లు రోజు మార్చు, దోమలు పెడతయి. రాత్రిపూట బువ్వ మానేసి మ్యాగీ తింటున్నవని నీ సోపతి పిల్ల అమ్మమ్మతోని అన్నదట. పెరుగన్న తిను, తొక్కుతోని.

బాపుకు ఇంకా చెప్పలే. ఆ పిల్లగాడు సోమవారం మళ్ల చేస్తనన్నడు. వానికి నేనేం చెప్పాలె? అది ఒక్కటి మెసేజ్ పెట్టు.

అమ్మ

తొక్కుల ఉప్పు కొంచెం ఎక్కువైంది, మొదటి వారం అట్లనే ఉంటది.