పసుపు రంగు స్ప్రింగ్ కంప్రెసర్ మా దగ్గర కొన్నవాళ్లకు

దసరా నుంచి సంక్రాంతి దాకా మా షాపులో పసుపు కొక్కేలున్న స్ప్రింగ్ కంప్రెసర్ (షాకప్పు మార్చేటప్పుడు స్ప్రింగును నొక్కిపట్టే సాధనం) జత కొన్నవాళ్లు దయచేసి దాన్ని వాడకండి. వెనక్కి తెచ్చివ్వండి. బిల్లు పోయినా, ఒకసారి వాడేసినా సరే, మీరు కట్టిన 950 రూపాయలూ ఇచ్చేస్తాను. 31 జతలు అమ్మాను, ఇప్పటికి 12 తిరిగొచ్చాయి.

మా పాత కస్టమర్ ఒకాయన ఇంటి దగ్గర స్విఫ్ట్ ముందు షాకప్పులు మార్చుకుంటున్నారు. ముందు వైపు స్ప్రింగు షాకప్పు మీదే బిగించి ఉంటుంది కాబట్టి, స్ప్రింగును రెండు పక్కలా కొక్కేలతో నొక్కిపట్టాకే పై నట్టు విప్పాలి. ఆయన అంతా పద్ధతిగానే చేశారు. మరలకు గ్రీజు రాశారు, నట్లు బిగించే మెషీను, అదే ఇంపాక్ట్ గన్, జోలికి పోకుండా చేత్తోనే అటు కొన్ని చుట్లు, ఇటు కొన్ని చుట్లు బిగిస్తూ వచ్చారు. సగంలో ఒక పక్క నట్టు మరలు తెగి, కొక్కెం ఎగిరి షెడ్డు రేకుకు తగిలింది. పై నట్టు ఇంకా విప్పలేదు కాబట్టి స్ప్రింగు షాకప్పు మీదే ఉండిపోయింది. విప్పాక తెగి ఉంటే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మర్నాడు ఆయన వచ్చి ఆ ముక్కను కౌంటర్ మీద పెట్టారు. ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. నట్టు లోపలి మరలు మొత్తం ఊడి, సన్నటి తీగలా రాడ్డుకు చుట్టుకుని ఉన్నాయి.

సప్లయర్ ముందుగా పంపిన శాంపిల్‌ను నేనే పాత వ్యాగన్‌ఆర్ స్ప్రింగు మీద మూడుసార్లు బిగించి చూశాను. దాని కొక్కేనికి లాక్ పిన్ను ఉంది, నట్టు పొడుగ్గా ఉంది. తర్వాత లాట్‌లో వచ్చినవాటికి పిన్ను లేదు, నట్టు పొడుగు సగమే. పెట్టె, స్టిక్కరు, రంగు మాత్రం అవే. తెరిచి చూడకుండా షెల్ఫు ఎక్కించడం నా తప్పు. సప్లయర్‌కు ఫోన్ చేస్తే, "రేటు ఇంకో వంద తగ్గించమన్నది మీరే కదండీ" అన్నాడు. అన్నాను, నిజమే. తగ్గిస్తే సరుకు మారుతుందని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ వంద నేనే వదులుకునేవాణ్ణి. ఆటోనగర్‌లో 22 ఏళ్ల నుంచి ఇదే కౌంటర్‌లో కూర్చుంటున్నాను. మా సామాను వల్ల ఎవరికీ ఏమీ కాలేదని గట్టిగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడా మాట అనాలంటే గొంతులో అడ్డం పడుతోంది. అతను క్రెడిట్ నోటు ఇస్తానన్నాడు. వద్దని, బాకీ అణాపైసలతో కట్టేసి, లెక్క మూసేశాను.

ఆ తర్వాత ఏం అమ్మాలన్నది తేలక నాలుగు రాత్రులు నిద్ర లేదు. పిన్ను ఉన్న గట్టి జత 2,900 పడుతోంది. నాలుగైదేళ్లకోసారి షాకప్పు మార్చేవాళ్లు అంత పెట్టి ఎందుకు కొంటారు? రెండు రకాలూ పెడదాం, కస్టమరే ఎంచుకుంటారని మావాడు అన్నాడు. వినలేదు. చవకది పక్కన కనిపిస్తే నేనైనా అదే తీసుకుంటాను. అందుకే కంప్రెసర్లు అమ్మడమే మానేశాను. పక్క షాపులో దొరుకుతుందంటారు. దొరకనివ్వండి, నా దగ్గర మాత్రం ఉండదు. గట్టివి మూడు జతలు కొని అద్దెకు పెట్టాను: రోజుకు 150, డిపాజిట్ 2,000. లేదంటే స్ప్రింగుతో సహా షాకప్పు ఊడదీసి తెచ్చేయండి, మీ ఎదుటే మార్చి ఇస్తాం.

లింకు రాడ్లు, స్టెబిలైజర్ రబ్బరు బుష్‌లు మార్చడానికి కంప్రెసర్‌తో పనే లేదు. స్విఫ్ట్ వెనక షాకప్పు, స్ప్రింగు విడివిడిగా ఉంటాయి, అక్కడా అక్కర్లేదు. మామూలు ఆరు మూలల సాకెట్లు తక్కువ ధరవైనా నడుస్తాయి. ఎత్తిన బండి కింద ఆసరాగా పెట్టే జాక్ స్టాండ్ల దగ్గర మాత్రం డబ్బు చూసుకోకండి, ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరకండి. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టు బండి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించండి, లేకపోతే కొత్త బుష్ మెలిపడి తొందరగా చిరిగిపోతుంది.

ఆ కస్టమర్ గారి రెండు షాకప్పులూ మొన్న ఆదివారం షాపు ముందే నా చేత్తో బిగించి పంపాను. మిగతా 19 జతలు ఎవరి దగ్గర ఉన్నాయో బిల్లు పుస్తకం చూసి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. బిల్లు లేకుండా తీసుకెళ్లినవాళ్లు మీ అంతట మీరే చెప్పాలి. వేరే ఊళ్లో ఉంటే కొరియర్‌లో పంపండి, ఆ ఖర్చు నాది.