ఊపిరి పరీక్ష ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కూడళ్లలో రాత్రిపూట జరిగే డ్రంకెన్ డ్రైవ్ తనిఖీల్లో బ్రీత్ అనలైజర్‌లో ఊదగానే మద్యం సంగతి తేలిపోతుంది. గంజాయి పీల్చి స్టీరింగ్ పట్టినవాడు మాత్రం అదే యంత్రంలో ఊది, సున్నా చూపించి, నిశ్చింతగా వెళ్లిపోగలడు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మద్యానికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల హద్దు పెట్టి, మత్తుపదార్థం వల్ల వాహనాన్ని అదుపు చేయలేని స్థితిలో నడపడాన్ని కూడా నేరమే అన్నది. ఆ రెండో నేరాన్ని రోడ్డు మీద పట్టుకునే సాధనం మన తనిఖీల్లో కనిపించడం లేదు.

మూత్ర పరీక్ష దీనికి సరిపోదు. గంజాయి ఆనవాళ్లు మూత్రంలో రోజుల తరబడి, అలవాటుపడినవారిలో వారాల తరబడి ఉంటాయి కాబట్టి అది పాత వాడకాన్ని చెబుతుందే తప్ప ఆ రాత్రి సంగతి చెప్పదు. లాలాజలంలో కనిపించేది ఎక్కువగా గత కొన్ని గంటల వాడకమే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2004 డిసెంబరులోనే రోడ్డు పక్కన ఈ లాలాజల పరీక్ష మొదలుపెట్టింది.

అయితే లాలాజల నమూనా తీసే పద్ధతి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. పుల్ల చివరి మెత్తను చెంప లోపల లేదా నాలుక కింద ఉంచి, తగినంత తడిసిందని రంగు సూచిక చూపేదాకా ఆగి, రక్షక ద్రావణమున్న గొట్టంలో వేయాలి. గంజాయి పీల్చినవారికి నోరు ఎండిపోతుంది గనుక ఇందుకు నిమిషాలు పట్టవచ్చు, అక్కడ సిబ్బంది తొందరపడకూడదు. చాయ్ తాగినా, జర్దా పాన్ నమిలినా (మన లారీ డ్రైవర్లలో ఇది మామూలే) కనీసం పది నిమిషాలు ఆగి తీయాలి. గంజాయిలోని మత్తు పదార్థం ప్లాస్టిక్‌కు, మెత్తకు అంటుకుపోయే గుణం కలది కాబట్టి, చవకగా దొరికే మామూలు దూది పుల్లలతో పని కానిస్తే ప్రయోగశాలకు చేరేసరికి ఫలితం తారుమారవుతుంది.

రోడ్డు మీది ఫలితం అనుమానం మాత్రమే, రుజువు కాదు. ప్రయోగశాల పరీక్షకు చట్టంలోని 204వ సెక్షన్ రక్త నమూనానే చెబుతోంది. అందువల్ల లాలాజలాన్ని తొలి వడపోతకే వాడి, నిర్ధారణ జరిగేదాకా డ్రైవర్ పేరు, ఫొటో బయటపెట్టకూడదు, లైసెన్సు మీద చర్య తీసుకోకూడదు. ముందుగా కరీంనగర్ గ్రానైట్ లారీలు, ఏనుమాముల మార్కెట్ మిర్చి లారీలు తిరిగే దారుల్లో, 163వ జాతీయ రహదారి మీద ఈ పరీక్ష మొదలుపెట్టాలనీ, తీసిన నమూనాలో ఒక భాగాన్ని డ్రైవర్ కోరితే మరోచోట పరీక్షించుకునేందుకు సీలు వేసి భద్రపరచాలనీ పోలీసు, రవాణా శాఖలను కోరుతున్నాను.

ఒక పాఠకుడు,
హనుమకొండ