బూడిదరంగు గళ్లు

చిట్టితల్లీ,

రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. "నాన్నా, ఫొటోలన్నీ పోయాయి, అన్నీ బూడిదరంగు గళ్లే" అన్నావు. అంత టెన్షన్‌లో ఏం చెప్పినా తలకెక్కదని ఇలా రాస్తున్నాను.

ముందు డిజికామ్ మూసెయ్, అదే మన ఫొటోలు సర్దిపెట్టుకునే ప్రోగ్రాం. ఫోల్డర్‌లోకి వెళ్లి అమ్మమ్మ ఫొటో ఒకటి నేరుగా తెరువు. తెరుచుకుంటే నీ భయం సగం తీరినట్టే. డిజికామ్‌లో వరసగా కనబడేవి అసలు ఫొటోలు కావు, వాటి చిన్న నకళ్లు. ప్రతిసారీ వేల ఫొటోలు తెరవడం ఆలస్యమని, ఒకసారి చేసిన నకళ్లను 'థంబ్‌నెయిల్స్-డిజికామ్.డీబీ' అనే ఫైల్లో దాచుకుంటుంది. డిస్క్ నిండిపోయినా, రాస్తుండగా కరెంటు పోయినా ఆ ఫైలు పాడవ్వచ్చు.

దాన్ని చెరపకు. పేరు చివర 'పాత' అని తగిలించు చాలు. డిజికామ్ మళ్లీ తెరిస్తే కొత్తది తనే చేసుకుంటుంది. టూల్స్‌లో మెయింటెనెన్స్‌లోకి వెళ్లి, థంబ్‌నెయిల్స్, అంటే ఆ చిన్న నకళ్లు, మళ్లీ తయారు చేయమని పెట్టి పడుకో.

ఆ పక్కనే 'డిజికామ్4.డీబీ' ఉంటుంది. దాని జోలికి మాత్రం వెళ్లకు తల్లీ. ట్యాగులు, రేటింగులు, ఎవరి ముఖం ఎవరిదని మనం పెట్టుకున్న పేర్లు అందులోనే ఉంటాయి. కొన్నేళ్ల క్రితం తొందరలో నేను రెండూ కలిపి తీసేశాను. ఫొటోలు ఉన్నాయి, పేర్లు పోయాయి. అమ్మ, నేను కూర్చుని చాలావరకు మళ్లీ పెట్టాం. అమ్మమ్మ పెళ్లి ఫొటోలో వెనక వరసలో, చంకలో పాపతో నిలబడ్డ ఆమె ఎవరో మాత్రం మాకు తెలియలేదు. అమ్మమ్మ చెబితే రాసుకున్న పేరది. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేరు. ఆ పేర్లను ఫొటో ఫైళ్లలో కూడా రాసే సెట్టింగ్ ఉందని నాకు తర్వాత తెలిసింది. మెటాడేటా సెట్టింగుల్లో ఉంటుంది, ఈరోజే పెట్టుకో.

పొద్దున్న కూడా ఒకటో రెండో గళ్లు బూడిదగానే ఉంటే, ఆ ఫొటో ఫైలే దెబ్బతిని ఉండొచ్చు, లేదా ఆ ఫార్మాట్ డిజికామ్‌కు చదవడం రాకపోవచ్చు. వాటిని పారెయ్యకు, మన బ్యాకప్ డిస్క్‌లో కాపీ ఉందేమో నేను చూస్తాను. అమ్మమ్మ ఫొటో తెరుచుకుందో లేదో మాత్రం, మిగతావన్నీ ఆపి, ముందు నాకు చెప్పు.

ప్రేమతో,
నాన్న