మూడో జ్ఞాని ఇంకా దారిలోనే ఉన్నాడు

జనవరి 7, ఉదయం

ప్రియమైన పిచ్చుకకి,

ముందు నన్ను క్షమించు. నీ కార్డు డిసెంబరు 19నే అందింది. పిల్లలిద్దరూ దాన్ని తలుపుకు అంటించి, ఇంటికి వచ్చినవాళ్ళందరికీ "ఇది అమ్మ వాళ్ళ పిచ్చుక పంపింది" అని చూపించారు. జవాబు రాయడం మాత్రం ఇదిగో, ఇవాళ్టికి కుదిరింది. కోపం పెట్టుకోకు. జూలియన్ క్యాలెండరు పాటించే చర్చిల్లో ఈరోజే క్రిస్మస్. అది మన క్యాలెండరుకు పదమూడు రోజులు వెనక నడుస్తుంది. ఆ లెక్కన పండుగ పూటే నీకు శుభాకాంక్షలు చెబుతున్నాను, తీసుకో.

అందరం బాగున్నాం. పెద్దదానికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. చర్చిలో పాట పాడుతుంటే 'స' వచ్చిన చోటల్లా ఈల వినబడింది. ఆయనకు నాలుగే రోజులు సెలవు దొరికింది. అత్తయ్యగారు, మామగారు 22న వచ్చారు, ఇంకా ఇక్కడే ఉన్నారు. నా నడుం నొప్పి తగ్గింది. నీ కొత్త ఉద్యోగం సంగతులు వివరంగా రాయి, నీ పక్క సీటావిడ గురించి మరీ వివరంగా రాయి.

ఇక ఆగలేను. అన్నయ్య వచ్చాడు. నిన్న రాత్రి, మా ఇంటికి.

నువ్వు ఈ కాగితం పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంటావని తెలుసు. నేనూ రాస్తూ అదే చేస్తున్నాను. ఉండు, మొదటి నుంచి చెబుతాను, లేకపోతే అర్థం కాదు.

అమ్మ పశువుల పాక బొమ్మలు నీకు గుర్తున్నాయి కదా? మరియ, యోసేపు, తొట్టిలో పాపడు, చెవి విరిగిన గాడిద, కానుకలతో తూర్పు నుంచి వచ్చిన ముగ్గురు జ్ఞానులు. ఆ ఆకుపచ్చ అంగీ జ్ఞాని చేతిలో చిన్న పెట్టె ఉండేది. అన్నయ్య ఆయన్ని కింద పడేస్తే అది ముక్కలైంది. అప్పటి నుంచి అమ్మ ప్రతి క్రిస్మస్‌కీ ఆ అరచేతిలో కొవ్వొత్తి మైనం ఒక చుక్క వేసి ఒక లవంగాన్ని నిలబెట్టేది. "ఇదే బోళం" అనేది. బంగారం తెలుసు, సాంబ్రాణి తెలుసు, బోళమంటే లవంగమేనని మనం ఎన్నేళ్ళు నమ్మామో! ఒక ఏడాది నువ్వు దాన్ని తీసి నమిలేసి, నాలుక మండి, ఏడవలేక నవ్వలేక... ఆ రోజు అమ్మ నీకు పెట్టిన పేరు ఇక్కడ రాయను, ఈ ఉత్తరం ఇంకెవరి చేతిలోనైనా పడితే నువ్వు నన్ను బతకనివ్వవు. లవంగం ఎవరు పెట్టాలనే దానిమీద నాకూ అన్నయ్యకూ ఏటా యుద్ధమే.

అమ్మ పోయాక బొమ్మలు నా దగ్గరికి వచ్చాయి. ఆ తర్వాతే ఇంటి గొడవ. అన్నయ్య అన్న మాటలూ నీకు తెలుసు, నేనన్న మాటలూ తెలుసు. మళ్ళీ రాయను. నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో బొమ్మలు తీశాను, సర్దాను, ఆ చేతిలో లవంగం మాత్రం పెట్టలేదు. పెట్టబుద్ధి కాలేదు.

ఈసారి డిసెంబరు 24 సాయంత్రం బుజ్జిగాడు బొమ్మలన్నీ గడ్డి మీద నిలబెడుతూ "ఈయన చెయ్యి ఖాళీగా ఎందుకుంది?" అని అడిగాడు. "పడిపోయింది నాన్నా" అన్నాను. అక్కడే కూర్చున్న మామగారు (చరిత్ర మేష్టారు కదా, ఆయన్ని ఏదైనా అడగడమే ఆలస్యం) మొదలుపెట్టారు. ఇలా పాకను కట్టి చూపించే ఆచారం బాగా ప్రచారంలోకి రావడానికి మూలం అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సాధువట. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో నిజమైన గడ్డి, నిజమైన ఎద్దు, నిజమైన గాడిదతో ఆ రాత్రిని జనం కళ్ళ ముందు నిలిపాడట. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. తర్వాత మామగారు మెల్లగా ముగ్గురు జ్ఞానులనూ తీసి పక్కన పెట్టారు. "వీళ్ళింకా రాలేదురా" అన్నారు.

గొర్రెల కాపరులు ఆ రాత్రే పరుగెత్తుకుని వచ్చింది లూకా సువార్తలో. జ్ఞానులు వచ్చేది మత్తయి సువార్తలో. వాళ్ళు వచ్చేసరికి మరియ, బిడ్డ ఉన్నది ఇంట్లో, పాకలో కాదు. వాళ్ళు ఎంతమందో కూడా మత్తయి చెప్పలేదు. కానుకలు మూడు కనుక మనుషులూ ముగ్గురని తర్వాతివాళ్ళు అనుకున్నారు. గాస్పర్, మెల్కియోర్, బల్తజార్ అనే పేర్లు కూడా ఆ తర్వాత వచ్చినవే. అమ్మ రెండు సువార్తలవాళ్ళనూ ఒకే గడ్డి మీద పక్కపక్కన నిలబెట్టేదన్నమాట, ఆ సంగతి నాకు ఇన్నేళ్ళూ తట్టనే లేదు. జ్ఞానుల రాక పండుగ జనవరి 6న. పసిపిల్లలను చంపించిన హేరోదు రాజు సంగతి మాత్రం మామగారు పిల్లల ముందు దాటేశారు.

బుజ్జిగాడు అంతా విని ఒకటే అడిగాడు. "తూర్పు ఎటు?"

మా ఇంట్లో తూర్పున ఉన్నది వాషింగ్ మెషీన్. జ్ఞానులు ముగ్గురూ దాని పక్కనుంచి బయలుదేరారు. పెద్దది నేల మీద కూర్చుని అక్కడి నుంచి ముందు గది దాకా గచ్చు పలకలు లెక్కపెట్టింది. ముప్పై ఆరు. డిసెంబరు 25 నుంచి జనవరి 6కి పన్నెండు రోజులు. కాగితం మీద భాగహారం చేసి "రోజుకు మూడు పలకలు" అని తీర్పు చెప్పింది. ఇక అప్పటి నుంచి ఇంటికి వచ్చిన చుట్టాలందరూ జ్ఞానులను దాటుకుంటూ నడవవలసిందే. 27న ఆడపడుచు వాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ పాప ఒక జ్ఞానిని నోట్లో పెట్టుకుంది. మావాడి ఏడుపు, ఆ పాప ఏడుపు... సరే, అది వదిలెయ్. 28న ఆయన స్నేహితులు వచ్చారు. భోజనాలు, గిన్నెలు, మళ్ళీ భోజనాలు.

29న పిన్ని అడిగింది, "నన్ను మీ అన్నయ్యవాళ్ళింట్లో దింపండి" అని. డెబ్బై ఆరేళ్ళ మనిషి అడిగితే కాదంటామా? గేటు దగ్గర దింపి వచ్చేద్దామని కారులో నేను ఆయనకు నాలుగుసార్లు చెప్పాను. గేటు దగ్గర ఆగాం. అప్పుడు బుజ్జిగాడికి ఒంటికి వచ్చింది. ఆగలేనన్నాడు. నాలుగున్నరేళ్ళ పిల్లాడు ఆగలేనంటే ఆగలేనన్నట్టే.

లోపలికి వెళ్ళాం. వదిన మంచినీళ్ళు ఇచ్చింది. అన్నయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చోలేదు. జుట్టు సగం నెరిసిపోయింది పిచ్చుకా. నాకు అదే చూపు. మాట్లాడింది పిన్ని ఒక్కతే. పది నిమిషాలు. "వెళ్ళొస్తాం" అన్నాను, "ఊఁ" అన్నాడు. కారెక్కాక ఇంటికి చేరేదాకా నేను నోరు విప్పలేదు.

రాత్రి పలకల మీద ఇద్దరే జ్ఞానులు కనబడ్డారు.

ఆకుపచ్చ అంగీ ఆయన లేడు. సోఫా కింద, చెప్పుల దగ్గర, కారులో, అన్ని చోట్లా వెతికాను. బుజ్జిగాడు మంచం మీద కూర్చుని ఎంత నింపాదిగా చెప్పాడో! ప్రయాణంలో ఉన్నవాళ్ళను ఇంట్లో వదలకూడదని ముగ్గురినీ జేబులో వేసుకుని వచ్చాడట. ఆ ఇంట్లో టీవీ పక్కన ఆయన్ని దింపాడట. "ఆయన అక్కడ ఆగాడమ్మా. మామయ్యకు చెప్పాను, ఆరో తారీఖుకి మన ఇంటికి తీసుకురావాలని."

నేను అరిచాను. అడగకుండా అమ్మమ్మ బొమ్మను ఎవరింట్లోనో వదిలి వస్తావా అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, "ఎవరిల్లో కాదు, మామయ్య ఇల్లు" అన్నాడు. వాడు కారణం చెప్పలేదు, ఎదురు తిరగలేదు, ఊరికే సరిదిద్దాడు. నేను వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆయన వెళ్ళి తెస్తానన్నారు. ఫోను చేద్దామా అన్నాను నేను. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. మామగారు వద్దన్నారు. "వాడు పిలిచాడు కదా, రానివ్వండి" అన్నారు. అంతే అన్నారు. మరుసటి రోజు నుంచి బుజ్జిగాడు ఇద్దరినే నడిపించాడు, పక్కన మూడో మనిషికి చోటు వదిలి. ఆ చోట ఎవరైనా కాలు పెడితే ఊరుకునేవాడు కాదు. అంట్లు పట్టుకుని వెళుతూ నేను కూడా ఆ ఖాళీ పలక తప్పించుకుని నడిచాను. కొత్త సంవత్సరం ప్రార్థనకు చర్చికి వెళ్ళి వచ్చాం, అర్ధరాత్రి దాటింది, నిద్రకళ్ళతోనే ముందు వాడు చేసిన పని వాళ్ళను జరపడం.

ఈ మధ్యలో ఒక రాత్రి మామగారిని బోళమంటే నిజంగా ఏమిటని అడిగాను. ముళ్ళచెట్టు కారే బంకట. చేదు, కానీ మంచి వాసన. మనిషి పోయాక ఒంటికి పట్టించే ద్రవ్యాలలో అదీ ఒకటట. యేసును సమాధి చేసేటప్పుడు నీకొదేము అనే ఆయన తెచ్చిన వాటిలో కూడా బోళం ఉంది. పసిబిడ్డకు అలాంటి కానుకా అనుకున్నాను. అమ్మకు ఇది తెలిసే ఉంటుందా? తెలిసే లవంగం పెట్టేదేమో. ఏమో, నీతో మాట్లాడవలసిన సంగతి ఇది, రాస్తే కుదరదు.

నిన్న ఆరో తారీఖు. పొద్దున బడికి వెళ్ళేదాకా వాడు కిటికీ దగ్గరే. బడి నుంచి వచ్చి, యూనిఫాం విప్పకుండా అక్కడే. ఆరయింది, ఏడయింది. ఇద్దరు జ్ఞానులూ పాకకు మూడు పలకల దూరంలో ఆగి ఉన్నారు. "ఆయన వచ్చాకే వీళ్ళు కదులుతారు" అన్నాడు. పాపం ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. మామయ్యకు పని ఉందేమో నాన్నా అని మొదలుపెట్టాను కూడా. ఎనిమిదింపావుకి గేటు చప్పుడైంది.

అన్నయ్య ఒక్కడే. చేతిలో ఏమీ లేదు. చొక్కా జేబు మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు, లోపల పిచ్చుకపిల్ల ఏదో ఉన్నట్టు (నిన్ను అనలేదు!). నావైపు చూడలేదు. వంగి వాడితో అన్నాడు, "ఆలస్యమైందా?"

"లేదు మామయ్యా, ఇంకా మూడు పలకలున్నాయి."

చెప్పులు విప్పి నేల మీద కూర్చున్నాడు. జేబు రుమాలు మడత విప్పి జ్ఞానిని తీసి ఆ ఖాళీ పలక మీద పెట్టాడు. మామయ్యా మేనల్లుడూ మోకాళ్ళ మీద పాక్కుంటూ ముగ్గురినీ మూడు పలకలూ నడిపించారు. గడ్డి దగ్గరికి వచ్చాక నేనూ వంగి చూశాను.

ఆయన చేతిలో లవంగం ఉంది.

కొత్త లవంగం, తల విరగనిది. అడుగున తెల్ల మైనం చుక్క ఇంకా మెరుస్తోంది. మైనం కొంచెం ఎక్కువై ఆ ఆకుపచ్చ అంగీ మీదికి కారింది. చిన్నప్పుడూ అంతే, తను పెట్టిన ఏడాది మైనం కారేది, నేను పెట్టిన ఏడాది లవంగం వంకరగా నిలబడేది.

నేను ఏమన్నానో తెలుసా? నాలుగేళ్ళుగా ఎన్ని మాటలు దాచుకున్నాను! ఎన్ని రాత్రులు పడుకుని వాదించాను! నోట్లోంచి వచ్చింది మాత్రం "అన్నం తిన్నావా?"

"లేదు" అన్నాడు.

వడ్డించాను. తిన్నాడు. పిల్లలిద్దరూ చెరోవైపు కూర్చున్నారు. పెద్దది తన భాగహారం కాగితం తెచ్చి చూపించింది. ఇంటి సంగతి తను ఎత్తలేదు, నేను ఎత్తలేదు. అది ఎక్కడిదక్కడే ఉంది, అబద్ధం చెప్పను. ఏదో ఒక రోజు కూర్చుని మాట్లాడక తప్పదు. ఆ రోజు మళ్ళీ గొంతులు లేస్తాయేమోనని భయంగానే ఉంది. కానీ నీళ్ళ గ్లాసు అందిస్తుంటే "వదినను కూడా తీసుకురావలసింది" అన్నాను. "ఈసారి" అన్నాడు. ఈసారి! ఆ మాటను రాత్రంతా తిరగేసి బోర్లేసి చూసుకున్నాను.

భోజనం అవుతుండగా బుజ్జిగాడు "మరి వీళ్ళు ఇంటికి ఎలా వెళతారు?" అన్నాడు. మామగారు చెప్పారు, దారిలో ఆగిన చోటికి మళ్ళీ వెళ్ళవద్దని వాళ్ళకు కల వచ్చిందనీ, వేరే దారిలో తమ దేశానికి వెళ్ళిపోయారనీ. వాడు ఏమీ అనలేదు. అన్నయ్య వెళ్ళేటప్పుడు మాత్రం ఎత్తుకోమని మారాం చేసి, మెడ చుట్టూ చేతులేసి చాలాసేపు వదల్లేదు. ప్రేమ అనుకున్నాం అందరం. ప్రేమే, కాదనను.

ఇందాక, ఆరింటికి, బొమ్మలు సర్దుదామని పెట్టె తీశాను. ఇద్దరే జ్ఞానులున్నారు.

వాడింకా నిద్రలోనే ఉన్నాడు. లేపి అడగలేదు. అన్నయ్యకు చొక్కా జేబు చూసుకోమని ఫోను చేయాలా, లేక చూసుకుని తనే

అయ్యో, పెద్దదాని బడి బస్సు హారను. జడ కూడా వేయలేదు దానికి. ఇప్పుడు పోస్టు చేయకపోతే ఇది మరో వారం పడి ఉంటుంది. పిన్ని నీ గురించి ఏమందో రాయనే లేదు, నీలి గొడుగు సంగతి కూడా. పిల్లలకు ముద్దులు.

నీ ఉడుత