శీనూ, ఆ రక్తపరీక్ష సంగతి

ఒరేయ్ శీనూ,

ఫోన్‌లో "పేగులోకి కెమెరా గొట్టం పెట్టి చూసే ఆ కొలనోస్కోపీ నా వల్ల కాదురా, పెద్దపేగు క్యాన్సర్‌కి రక్తపరీక్ష వచ్చిందటగా, అది సరిపోదా?" అన్నావు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అప్పట్నుంచి మనసు అక్కడే ఉంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు విన్నది నిజమే. పెద్దపేగులో కణితి ఉంటే, అందులో చచ్చిపోయే కణాల డీఎన్‌ఏ ముక్కలు రక్తంలో కలుస్తాయి. మంచి కణాల ముక్కలూ బోలెడు ఉంటాయి కాబట్టి, వాటిలోంచి వీటిని ఏరడమే కష్టం. క్యాన్సర్ కణాల డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు, అంటే చిన్న రసాయన గుర్తులు, వేరుగా ఉంటాయి, ముఖ్యంగా వాటినే వెతుకుతారు. సెప్టిన్-9 జన్యువు చూసే పరీక్షకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో అనుమతిచ్చింది, షీల్డ్ అనే పరీక్షకి 2024లో. సీఈఏ అనే ప్రోటీన్‌ని రక్తంలో చూసే పాత పరీక్ష ఒకటుంది, ఆ ప్రోటీన్‌ని 1965లో కనిపెట్టారు. అది ముఖ్యంగా ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టిందేమో చూడ్డానికి పనికొస్తుంది. పొగతాగేవాళ్ళలో ఊరికే పెరుగుతుంది కూడా.

షీల్డ్ మీద జరిగిన పెద్ద అధ్యయనంలో, క్యాన్సర్ ఉన్న నూరుమందిలో 83 మందిని పట్టుకుంది. బాగానే ఉంది కదా? నాకూ సంతోషమేసింది. కానీ ముదిరిన పాలిప్స్, అంటే పేగు లోపలి గోడమీద మొలిచే, ఇంకా క్యాన్సర్ కాని గడ్డల దగ్గరికొచ్చేసరికి నూటికి 13 మందినే పట్టుకుంది. నా బాధంతా ఇక్కడేరా. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళో, ఇంకా ఎక్కువో పడుతుంది. అన్నేళ్ళ గడువు ఉంటుంది మనకి. కొలనోస్కోపీలో డాక్టర్ పాలిప్‌ని చూసి, చాలాసార్లు అప్పటికప్పుడే తీసేస్తారు, అక్కడితో ఆ ముప్పు పోతుంది. పైగా రక్తపరీక్షలో పాజిటివ్ వస్తే మళ్ళీ చేయించుకోవాల్సింది కొలనోస్కోపీయే.

ఇంకో మాట, ఇది రాయడానికి చెయ్యి ఆడటం లేదు. ఈ రక్తపరీక్షలు మామూలు ముప్పు ఉన్నవాళ్ళ కోసం. మీ నాన్నగారికి ఈ జబ్బు 54 ఏళ్ళకి బయటపడింది. అలాంటి ఇళ్ళల్లో పిల్లలు 40కే, లేదా తండ్రికి వచ్చిన వయసుకి పదేళ్ళ ముందే, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలంటారు. నీకు 46 వచ్చాయి.

టెన్షన్ పడకు. అసలు కష్టం పేగు శుభ్రం కావడానికి ముందురోజు తాగాల్సిన విరేచనాల మందుతోనే. పరీక్షప్పుడు మత్తిస్తారు, చాలామందికి ఏమీ గుర్తుండదు. మత్తిస్తే ఇంటికి తీసుకెళ్ళడానికి ఎవరో ఒకరు పక్కన ఉండాలంటారు. నేనుంటాను. డేట్ తీసుకుని చెప్పు, ముందురోజే వచ్చేస్తాను.

నీ
మూర్తి